పిస్టన్ ఎక్కడుందో బండికెలా తెలుసు?

2020 ఏప్రిల్ 1 తర్వాత కొన్న పెట్రోల్ బైక్ మన కాలేజీ పార్కింగ్‌లో ఏదైనా ఉంటే, ఒకసారి ఇంజిన్ దగ్గర వంగి చూడండి. కార్బురేటర్ కనిపించదు. కొన్ని చిన్న మోడళ్ళని వదిలేస్తే మిగతా వాటన్నింట్లో దాని బదులు థ్రాటిల్ బాడీ, ఒక ఇంజెక్టర్ ఉంటాయి. సీటు కిందో, పక్క ప్యానెల్ వెనకో ఒక చిన్న నల్ల డబ్బా ఉంటుంది. దాని పేరు ఈసీయూ. మన సీఎస్ఈ వాళ్ళ భాషలో అదొక బుల్లి కంప్యూటర్. పెట్రోల్ ఎంత కొట్టాలి, ఎప్పుడు కొట్టాలి, స్పార్క్ ఏ క్షణంలో ఇవ్వాలి, ఇవన్నీ అదే నిర్ణయిస్తుంది.

అయితే ఆ డబ్బాకి కళ్ళు లేవు. సిలిండర్ లోపల పిస్టన్ పైనుందో కిందుందో అది చూడలేదు. ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పేవాడే క్రాంక్ పొజిషన్ సెన్సార్. మెకానిక్ షాపుల్లో పల్సర్ కాయిల్ అంటారు. ఈ వ్యాసం దాని గురించే.

మాది విస్సన్నపేట. నూజివీడు నుంచి తిరువూరు వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది, చుట్టూ మామిడి తోటలు. ఇలాంటి ఊళ్ళలో ఇది పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న కాదు. బండి ఆగితే పని ఆగిపోతుంది. ఆ బండిని ఇరవై ఏళ్ళుగా బాగుచేస్తున్న మెకానిక్‌కి కొత్త బండి అర్థం కాకపోతే ఆయన పనీ ఆగిపోతుంది. అందుకే దీన్ని తెలుగులో, వీలైనంత విడమరిచి రాస్తున్నా.

ముందు ఇంజిన్ లెక్క

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ చేసే పనులు నాలుగే: పీల్చు, నొక్కు, మండు, వదులు. ఒక్కో పనికి పిస్టన్ ఒకసారి పైకో కిందకో కదులుతుంది. పిస్టన్ ఒకసారి కిందకి, ఒకసారి పైకి వెళ్తే క్రాంక్ షాఫ్ట్ ఒక చుట్టు తిరిగినట్టు, అంటే 360 డిగ్రీలు. నాలుగు పనులకి రెండు చుట్లు, 720 డిగ్రీలు. ఈ 720 గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు స్పీడ్. ఆర్పీఎంని 6తో గుణిస్తే సెకనుకి ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో వస్తుంది (360ని 60తో భాగిస్తే 6 కదా). 3000 ఆర్పీఎం దగ్గర సెకనుకి 18,000 డిగ్రీలు. ఒక్క డిగ్రీకి పట్టే టైమ్ సుమారు 56 మైక్రోసెకన్లు. 6000 ఆర్పీఎం దగ్గర 28 మైక్రోసెకన్లు. స్పార్క్ టైమింగ్‌లో రెండు మూడు డిగ్రీల తేడా వచ్చినా ఇంజిన్‌కి తెలిసిపోతుంది. అంటే ఆ డబ్బా పని చేసేది మిల్లీసెకన్ల లోకంలో కూడా కాదు, అంతకన్నా చిన్న లోకంలో.

స్పార్క్ ముందే ఎందుకు?

పిస్టన్ పైకి వచ్చి గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని పూర్తిగా నొక్కేశాక స్పార్క్ ఇవ్వాలి అనిపిస్తుంది. నిజానికి ఎక్కువసార్లు అంతకు ముందే ఇస్తారు. ఎందుకంటే పెట్రోల్ ఒక్కసారిగా పేలదు. స్పార్క్ దగ్గర అంటుకున్న మంట సిలిండర్ అంతా పాకడానికి కొంచెం టైమ్ పడుతుంది.

పల్లెవెలుగు బస్సు ఎక్కిన వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మన స్టేజీ వచ్చాక సీట్లోంచి లేస్తే డోర్ దగ్గరకి చేరేలోపు బస్సు కదిలిపోతుంది. అందుకే ముందే లేస్తాం. నడవడానికి పట్టే టైమ్ ఎప్పుడూ దాదాపు ఒకటే. కానీ బస్సు స్పీడుగా ఉంటే స్టేజీకి ఇంకా ఎక్కువ దూరం ఉండగానే లేవాలి.

ఇంజిన్‌లోనూ అంతే. మంట పాకి ఒత్తిడి బాగా పెరగడానికి 2 మిల్లీసెకన్లు పడుతుందని ఒక ఉదాహరణకి అనుకుందాం. ఆ ఒత్తిడి పిస్టన్ పై చివర దాటి 15 డిగ్రీలు కిందకి వచ్చేసరికి అందితే దెబ్బ సరిగ్గా పడుతుంది. 1500 ఆర్పీఎం దగ్గర 2 మిల్లీసెకన్లలో క్రాంక్ 18 డిగ్రీలు తిరుగుతుంది. కాబట్టి పై చివరకి 3 డిగ్రీల ముందు స్పార్క్ ఇస్తే చాలు. 3000 దగ్గర అదే టైమ్‌లో 36 డిగ్రీలు తిరుగుతుంది. అప్పుడు 21 డిగ్రీల ముందే ఇవ్వాలి. నిజం ఇంజిన్‌లో స్పీడ్ పెరిగేకొద్దీ గాలి సుడులు ఎక్కువై మంట కూడా వేగంగా పాకుతుంది, కాబట్టి లెక్క ఇంత సూటిగా ఉండదు. దిశ మాత్రం ఇదే.

మరీ ముందు ఇస్తే పైకి వస్తున్న పిస్టన్‌కి ఒత్తిడి ఎదురు తగులుతుంది, ఇంజిన్ నాకింగ్ కొడుతుంది. మరీ ఆలస్యంగా ఇస్తే వేడంతా సైలెన్సర్‌లోకి పోతుంది, బండి లాగదు, మైలేజీ పడిపోతుంది.

ఒక్క బొడిపె నుంచి పళ్ళ వరుస దాకా

పాత కార్బురేటర్ బళ్ళలో కూడా పల్సర్ కాయిల్ ఉండేది, కానీ దాని పని చిన్నది. ఫ్లైవీల్ మీద ఒకే ఒక్క బొడిపె ఉండేది. చుట్టుకి ఒకసారి అది కాయిల్ ముందు నుంచి వెళ్ళేది, ఒక పల్స్ వచ్చేది, సీడీఐ యూనిట్ స్పార్క్ ఇచ్చేది. నాలుగు పనులకి రెండు చుట్లు కదా, కాబట్టి రెండు స్పార్కులు. అందులో ఒకటి సరైన చోట పడేది. రెండోది పొగ వదిలే టైమ్‌లో ఊరికే పడేది. దానివల్ల నష్టం లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

కొత్త బళ్ళలో బొడిపెలు చాలా ఉంటాయి. కార్లలో బాగా వాడే చక్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దాని చుట్టూ 60 పళ్ళకి చోటు ఉంటుంది, పంటికి 6 డిగ్రీలు. అందులో రెండు పళ్ళు కావాలనే తీసేస్తారు. మిగిలేవి 58. బైకుల్లో పళ్ళ సంఖ్య తక్కువ, కంపెనీని బట్టి మారుతుంది. సూత్రం ఒకటే.

పళ్ళు ఎందుకు తీసేయాలి? అన్ని పళ్ళూ ఒకేలా ఉంటే ఎంత స్పీడుగా తిరుగుతోందో తెలుస్తుంది కానీ ఎక్కడుందో తెలీదు. పళ్ళు లేని ఖాళీయే గుర్తు. నెట్‌వర్క్స్ క్లాసులో ఫ్రేమ్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తు గురించి చదువుకున్నాం కదా, సరిగ్గా అదే. ఖాళీ కనిపించింది అంటే కొత్త చుట్టు మొదలైంది. అక్కడి నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకోవడమే.

పంటిని పసిగట్టే పద్ధతులు రెండు. ఒకటి అయస్కాంతం చుట్టూ తీగ చుట్టిన కాయిల్. ఇనుప పన్ను దగ్గరకొచ్చి దూరమైనప్పుడల్లా అయస్కాంత క్షేత్రం మారుతుంది, తీగలో ఓల్టేజ్ పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన విషయం, ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్‌లో మనందరం చదివిందే. దీనికి బయటి కరెంట్ అక్కర్లేదు. చిక్కేంటంటే ఇంజిన్ మెల్లగా తిరిగితే ఓల్టేజ్ కూడా చిన్నదే వస్తుంది. రెండోది హాల్ సెన్సార్. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ప్రభావం మీద నడుస్తుంది. దీనికి సప్లై ఇవ్వాలి, కానీ ఎంత మెల్లగా తిరిగినా సిగ్నల్ శుభ్రంగా వస్తుంది. బైకుల్లో ఎక్కువగా కనిపించేది మొదటి రకం.

సీఎస్ఈ వాళ్ళకి నచ్చే భాగం

ఖాళీ వచ్చిందని ప్రోగ్రామ్‌కి ఎలా తెలుస్తుంది? "ఇన్ని మైక్రోసెకన్లు దాటితే ఖాళీ" అని ఒక అంకె పెట్టలేం. 1000 ఆర్పీఎం దగ్గర మామూలు పళ్ళ మధ్య టైమ్, 3000 దగ్గర ఖాళీకి పట్టే టైమ్ రెండూ ఒకటే అవుతాయి. అందుకే పోల్చి చూడాలి. పక్కపక్క పళ్ళ మధ్య 6 డిగ్రీలు, ఖాళీ దగ్గర 18 డిగ్రీలు. అంటే మూడు రెట్లు. ఇప్పటి టైమ్ కిందటి టైమ్‌కి రెండు రెట్ల కన్నా ఎక్కువైతే అది ఖాళీ అనుకోవచ్చు. తర్వాతి పంటితో మళ్ళీ మామూలు అయిందా అని కూడా చూస్తే ఇంకా నమ్మకం.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఇంజిన్ ఒకే వేగంతో తిరగదు. కిక్ కొట్టినప్పుడు గాలిని నొక్కే దగ్గర క్రాంక్ బరువెక్కి నెమ్మదిస్తుంది, దాటాక ఒక్కసారి జారుతుంది. ఆ నెమ్మదిని ఖాళీ అనుకుని స్పార్క్ ఇస్తే కిక్ రాడ్ ఎదురు తన్నొచ్చు.

ఇక టైమ్ లెక్క. 6000 ఆర్పీఎం అంటే సెకనుకి 100 చుట్లు, చుట్టుకి 58 పళ్ళు, అంటే సెకనుకి 5,800 ఇంటరప్టులు. పంటికీ పంటికీ మధ్య 167 మైక్రోసెకన్లు. మన జావా ప్రోగ్రామ్‌లో గార్బేజ్ కలెక్టర్ 10 మిల్లీసెకన్లు ఆగితే ఎవరికీ తెలీదు. ఇక్కడ 10 మిల్లీసెకన్లు అంటే క్రాంక్ ఒక పూర్తి చుట్టు తిరిగేసింది. అందుకే ఇలాంటి చోట సరైన జవాబు ఆలస్యంగా ఇస్తే అది తప్పు జవాబే.

ఇంకో విషయం ఉంది. ఈసీయూకి ఎప్పుడూ తెలిసేది గతమే. చివరి పన్ను ఎప్పుడు దాటిందో తెలుసు, ఈ క్షణంలో క్రాంక్ ఎక్కడుందో అంచనా వేసుకోవాలి. స్పార్క్ ఇవ్వాలంటే ముందు ఇగ్నిషన్ కాయిల్‌ని కరెంట్‌తో నింపాలి. దానికి 3 మిల్లీసెకన్లు కావాలనుకుందాం. 6000 ఆర్పీఎం దగ్గర 3 మిల్లీసెకన్లంటే 108 డిగ్రీలు. పిస్టన్ ఇంకా సగం దారిలో కూడా లేనప్పుడే "ఇంకో 108 డిగ్రీలకి స్పార్క్" అని నిర్ణయం జరిగిపోవాలి. మధ్యలో వచ్చే ప్రతి పన్నూ ఆ అంచనాని సరిచేస్తూ పోతుంది.

పొద్దున ఆరా, సాయంత్రం ఆరా?

720 గుర్తుందిగా. క్రాంక్ చక్రం చెప్పేది 360 లోపల మాత్రమే. పిస్టన్ పై చివరకి వచ్చింది, సరే. కానీ గాలిని నొక్కి వచ్చిందా, పొగని వదిలి వచ్చిందా? గోడ గడియారం ఆరు చూపిస్తే అది పొద్దునో సాయంత్రమో తెలియనట్టే. కిటికీలోంచి బయటకి చూడాలి.

కార్లలో ఆ కిటికీ కామ్ షాఫ్ట్ సెన్సార్. వాల్వులు తెరిచే కామ్ షాఫ్ట్ క్రాంక్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది, రెండు చుట్లకి ఒక చుట్టు. కాబట్టి అది 720 డిగ్రీల్లో ఒక్కసారే గుర్తు ఇస్తుంది. నాలుగు సిలిండర్లలో ఎవరి వంతు వచ్చిందో దాన్నిబట్టి తేలుతుంది.

ఒక సిలిండర్ ఉన్న బైకుల్లో చాలావాటికి కామ్ సెన్సార్ ఉండదు. ఖర్చు తగ్గించడానికి వేరే కిటికీ వాడతారు. గాలి పీల్చే స్ట్రోక్‌లో మాత్రమే ఇన్‌టేక్ గొట్టంలో ఒత్తిడి బాగా పడిపోతుంది. అక్కడున్న ప్రెషర్ సెన్సార్ ఆ పడిపోవడాన్ని ఏ చుట్టులో చూసిందో గమనిస్తే, ఏది ఏ చుట్టో తెలిసిపోతుంది. హార్డ్‌వేర్ లేని చోట సాఫ్ట్‌వేర్ తెలివి. నాకు ఈ మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

పెట్రోల్ లెక్క

హీరో స్ప్లెండర్ ప్లస్ ఇంజిన్ 97.2 సీసీ. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు సిలిండర్ నిండా గాలి పట్టిందనుకుందాం. 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ గాలి బరువు సుమారు 119 మిల్లీగ్రాములు. పెట్రోల్ పూర్తిగా కాలాలంటే 14.7 పాళ్ళ గాలికి 1 పాలు పెట్రోల్ కావాలి. అంటే 8.1 మిల్లీగ్రాములు. ఒక నీటి చుక్క సుమారు 50 మిల్లీగ్రాములు ఉంటుంది, అందులో ఆరో వంతు! మే నెలలో మా వైపు 45 డిగ్రీలు కొట్టే రోజు గాలి పల్చబడి బరువు 108కి తగ్గుతుంది. అప్పుడు కావాల్సిన పెట్రోల్ 7.3 మాత్రమే. కార్బురేటర్‌కి ఎండాకాలం వచ్చిందని తెలీదు. ఈసీయూకి గాలి వేడి, ఒత్తిడి రెండూ తెలుసు. ఇంజెక్టర్‌ని ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో వాటినిబట్టి లెక్కేస్తుంది. ఎప్పుడు తెరవాలో మాత్రం క్రాంక్ సెన్సారే చెప్పాలి.

ఇదంతా ఎందుకంటే పొగ కోసం. బీఎస్4 నుంచి బీఎస్5ని వదిలేసి నేరుగా బీఎస్6కి దూకాం. పెట్రోల్‌లో గంధకం హద్దు 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. 2020 ఏప్రిల్ 1 తర్వాత బీఎస్4 బళ్ళు అమ్మకూడదని సుప్రీంకోర్టు 2018 అక్టోబర్‌లోనే చెప్పింది. సైలెన్సర్‌లో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా పనిచేయాలంటే మిశ్రమం ఆ 14.7 చుట్టూనే ఉండాలి. స్క్రూ తిప్పి సెట్ చేసే పద్ధతికి అది అందదు.

సెన్సార్ పోతే ఏమవుతుంది?

మా నాన్న మామిడి తోటలు కౌలుకి తీసుకుంటారు. కిందటి సీజన్‌లో ఆయన బైక్‌కి ఒక రోగం వచ్చింది. పొద్దున చక్కగా స్టార్ట్ అయ్యేది. ఎండెక్కాక పది పన్నెండు కిలోమీటర్లు పోయేసరికి టక్కున ఆగేది. అరగంట చెట్టు కింద పెడితే మళ్ళీ మామూలే. కోత రోజుల్లో కూలీలు తోటలో ఎదురుచూస్తుంటే మనిషి రోడ్డు మీద బండి పక్కన నిలబడాల్సి వచ్చేది. ఒక షాపులో ప్లగ్ మార్చారు. తర్వాత పెట్రోల్ రావట్లేదని పంపు మార్చారు. రోగం పోలేదు.

మా వీధి చివర మెకానిక్ బాబాయ్ ఉన్నారు. స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజిన్‌కి, రెండో కొన చెవికి ఆనించి లోపం చెప్పగలిగే మనిషి. "ఇవి కంప్యూటర్ బళ్ళమ్మా, మా చెవులకి దొరకవు" అని కొత్త బళ్ళు ముట్టుకోవడం మానేశారు. నేను పైన రాసిందంతా ఆయనకి చెప్పా. చెప్పేటప్పుడు ఒకటి అర్థమైంది: ఇంగ్లిష్ మీడియంలో చదివిన మాటలకి నేను వెతుక్కుంటున్న తెలుగు ఆయన దగ్గర ముందే ఉంది. "క్రాంక్ యాంగిల్ రిఫరెన్స్" అని నేను నసుగుతుంటే, "ఫ్లైవీల్ మీద టీ గుర్తు, ఎఫ్ గుర్తు ఉండేవి కదా, అదేగా!" అన్నారు. అదే. టీ అంటే పిస్టన్ పై చివర, ఎఫ్ అంటే స్పార్క్ పడే చోటు. పాతికేళ్ళుగా ఆయన టైమింగ్ లైట్ వేసి చూసిన గుర్తుల్నే ఇప్పుడు ఈసీయూ చూస్తోంది.

మిగతాది ఆయనే తేల్చారు. మల్టీమీటర్ జేబులో పెట్టుకుని, ఎండలో బండి ఆగేదాకా నడిపారు. ఆగిన చోటే పల్సర్ కనెక్టర్ విప్పి కొలిచారు. కాయిల్ తెగిపోయినట్టు చూపించింది. చల్లారాక కొలిస్తే బాగానే ఉంది. లోపల తీగ ఎక్కడో సన్నగా విరిగింది. వేడికి సాగినప్పుడు విడిపోతోంది, చల్లబడితే మళ్ళీ తాకుతోంది.

మరి పంపు మీద అనుమానం ఎందుకొచ్చింది? దానికీ కారణం ఉంది. తాళం తిప్పగానే పంపు రెండు మూడు సెకన్లు గుయ్‌మని ఆగుతుంది. తర్వాత క్రాంక్ తిరుగుతోందని పల్స్ వస్తేనే మళ్ళీ నడుస్తుంది. బండి పడిపోతే పెట్రోల్ కారిపోకుండా ఆ ఏర్పాటు. పల్స్ లేకపోతే స్పార్క్ లేదు, ఇంజెక్షన్ లేదు, పంపూ లేదు. చూసేవాళ్ళకి మూడూ ఒకేసారి పాడైనట్టు ఉంటుంది. నిజానికి చెప్పేవాడు ఒక్కడే మూగబోయాడు.

కాబట్టి వేడెక్కితే ఆగి, చల్లారితే స్టార్ట్ అయ్యే బండి ఉంటే ఈ వరుసలో చూడండి. ఒకటి, కనెక్టర్‌లో తుప్పు, వదులు. రెండు, సెన్సార్ కొనకి అంటుకున్న ఇనుప రజను. మూడు, కొనకీ పళ్ళకీ మధ్య సందు. నాలుగు, వేడి మీద, చల్లటి మీద రెండుసార్లు కాయిల్ రెసిస్టెన్స్, కంపెనీ మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుతో పోల్చి. స్కానర్ ఉంటే పీ0335 అనే కోడ్ క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌ది, పీ0340 కామ్ సెన్సార్‌ది. ఇవన్నీ చూశాకే పార్టులు మార్చే మాట.

చివరిగా ఒక సంగతి. ప్రతి మంటా క్రాంక్‌ని ఒక చిన్న తోపు తోస్తుంది, ఆ క్షణంలో పళ్ళ మధ్య టైమ్ కాస్త తగ్గుతుంది. ఒక మంట తప్పితే ఆ తోపు కనిపించదు. కార్లలో మిస్‌ఫైర్‌ని ఈసీయూ ఇలాగే పట్టుకుంటుంది. స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి బాబాయ్ వినేది కూడా ఆ తప్పిన తోపునే. ఇద్దరూ నాడి పట్టేవాళ్ళే. ఒకరి పాఠం రెండోవారికి అందకుండా ఇంగ్లిష్ పీడీఎఫ్‌ల్లో ఉండిపోవడమే సమస్య. సెలవులకి ఊరెళ్ళినప్పుడు మీ మెకానిక్ దగ్గర ఒక గంట కూర్చోండి. మీకు తెలిసింది చెప్పండి, ఆయనకి తెలిసింది అడగండి. ఆ గంటకి ఏ ల్యాబూ సాటి రాదు.

చేసి చూడండి

1. 24 పళ్ళకి చోటున్న చక్రంలో ఒక పన్ను తీసేశారు. 4500 ఆర్పీఎం దగ్గర మామూలు పళ్ళ మధ్య టైమ్ ఎంత? ఖాళీ దగ్గర ఎంత?

2. ఈ చక్రానికి "రెండు రెట్ల కన్నా ఎక్కువైతే ఖాళీ" అన్న నియమం పనికొస్తుందా? రాకపోతే ఏ అంకె పెడతారు, ఎందుకు?

3. ప్రెషర్ సెన్సార్ కూడా పాడైంది, కామ్ సెన్సార్ లేదు. అయినా బండిని ఎలాగోలా ఇంటిదాకా నడపాలి. స్పార్క్ విషయంలో ఈసీయూ ఏం చేయొచ్చు? (పాత సీడీఐ బండిని గుర్తు తెచ్చుకోండి.)

జవాబులు క్లబ్ గ్రూపులో పెట్టండి. మూడో దానికి ఒకటి కన్నా ఎక్కువ జవాబులున్నాయి.